కందిగింజంత ప్రైమర్

అమెరికాలో గురి పోటీలకు వెళ్లేవాళ్లు చాలామంది పేలిన ఇత్తడి తొడుగులు ఏరి తెచ్చి, ఇంట్లోనే మళ్లీ తూటాలు తయారుచేసుకుంటారు. ఆ పనిలో నాకు అపురూపంగా తోచేది తొడుగు అడుగున కూర్చుని తుపాకి మందును అంటించే ప్రైమర్ ఎంపిక. చిన్న పిస్టల్ ప్రైమర్ అడ్డుకొలత 0.175 అంగుళాలు, కందిగింజంత. దెబ్బ తగలగానే అది అంటుకోకపోతే మందు ఎంత మేలైనదైనా వృథా. రివాల్వర్ స్ప్రింగు బలం తగ్గించుకున్నవాళ్లు, దెబ్బ తేలిగ్గా పడుతుంది కనుక, మెత్తని గిన్నె ఉన్న ఫెడరల్ కంపెనీ ప్రైమర్ కోరుకుంటారు. సీసీఐ కంపెనీది కాస్త గట్టి. ప్రైమర్ రకం మార్చితే నిపుణుడు మందు కొలత తగ్గించి, మొదటి నుంచి పరీక్షిస్తాడు. ప్రతి ప్రైమరూ తొడుగు అడుగుమట్టం కంటే రవ్వంత లోపలికి దిగిందో లేదో వేలితో తడిమి చూస్తాడు. వెయ్యి తూటాలైతే వెయ్యిసార్లు! ఆ ఓపికకు దండం పెట్టాలి. మిగిలిన ప్రైమర్లను సీసాలో పోసి దాచడు. ఒకటి పేలితే అన్నీ పేలతాయి. వాటి చోటు అవి వచ్చిన పెట్టే.