‘చేవ్రాలు’ కాస్తా ‘చేరాలు’ అయిన రాత్రి

ఉగాది సంచికకి వచ్చిన కథలూ వ్యాసాలూ కలిపి అరవై పైచిలుకు ఫైళ్ళు. రాసినవాళ్ళందరం ఈ ఊళ్ళోనే ఉంటున్నాం, అయినా ఊరి పేరే నాలుగు రకాలుగా రాశాం: టొరంటో, టోరంటో, టొరాంటో, టోరాంటో. ఒక్కో ఫైలూ తెరిచి దిద్దుతూ కూర్చుంటే పండగ వెళ్ళిపోతుంది. అందుకని టెర్మినల్ తెరిచి, మాటలు దిద్దే ‘సెడ్’ అనే పనిముట్టుకి పని చెప్పాను.

సెడ్ పుట్టింది 1970ల మొదటి సగంలో, అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో. రాసినవారు లీ మెక్‌మహన్. అంతకుముందు కెన్ థాంప్సన్ రాసిన ‘ఈడీ’ అనే ఎడిటర్ ఉండేది. తెర లేని రోజులవి. టెలిటైప్ ముందు కూర్చుని, ఏ వరసలో ఏ మాట తీసి ఏది పెట్టాలో ఆజ్ఞగా కొట్టాలి. ఆ ఆజ్ఞల భాషే సెడ్‌కీ వచ్చింది. ఇది ఫైలంతా ఒకేసారి తలకెత్తుకోదు. వరస చదువుతుంది, దిద్దుతుంది, వదిలేస్తుంది, తర్వాతిది అందుకుంటుంది.

ఆజ్ఞ చిన్నదే. ముందు ‘ఎస్’ అక్షరం, ఒక స్లాష్, వెతకాల్సిన మాట, స్లాష్, బదులు పెట్టాల్సిన మాట, మళ్ళీ స్లాష్, చివర ‘జి’. ఆ జి మరిచిపోతే ప్రతి వరసలోనూ మొదటి చోటే మారుతుంది. నాలుగు టొరంటోలకీ నేను రాసిన నమూనా ఒక్కటే: ట[ొో]రా?ంటో. చదరపు బ్రాకెట్లో ఉన్న రెండు గుణింతపు గుర్తుల్లో ఏది ఉన్నా సరే. ప్రశ్నార్థకానికి ముందున్న దీర్ఘం ఉన్నా లేకున్నా సరే. (ప్రశ్నార్థకం ఇలా పనిచేయాలంటే సెడ్‌కి ‘ఈ’ ఆప్షన్ ఇవ్వాలి.) మన భాషలో విభక్తులు వెనకే అతుక్కుంటాయి కాబట్టి టోరాంటోలో, టొరాంటోనుంచి కూడా వాటంతటవే సరైపోయాయి.

ఆ ఉత్సాహంలోనే ‘వ్రా’ ఉన్నచోటల్లా ‘రా’ చేయమన్నాను. వ్రాశాడు రాశాడయ్యాడు, బాగుంది. కానీ ఒక కథలో తాతగారు పొలం కాగితం మీద పెట్టిన చేవ్రాలు ‘చేరాలు’ అయింది. ఇంకో వ్యాసంలో తీవ్రాభ్యంతరం కాస్తా ‘తీరాభ్యంతరం’ అయి కూర్చుంది. సంధి కలిసిన మాట లోపల ఏముందో సెడ్‌కి తెలియదు, తెలియాల్సింది నాకు. ‘ఐ’ ఆప్షన్‌తో నేరుగా ఫైళ్ళలోనే మార్చమన్నా, దాని పక్కనే బ్యాకప్ పేరు కూడా ఇచ్చాను. పాత ప్రతులు అలాగే ఉండబట్టి ఆ రాత్రి గట్టెక్కాను. అప్పటినుంచీ ముందు మాటలు వెతికే ‘గ్రెప్’తో ఆ మాట ఉన్న వరసలన్నీ తెర మీదికి తెప్పించుకుని, నెమ్మదిగా చదివాకే సెడ్ జోలికి వెళుతున్నాను. ఈ పనిముట్టు మీద నాకున్న గౌరవమంతా ఇక్కడే ఉంది. చేయబోయే మార్పు ఒక్క వరసలో కళ్ళెదుట ఉంటుంది. దాన్ని నలుగురికీ చూపించవచ్చు, వచ్చే ఏడు సంచికకీ దాచుకోవచ్చు.

ఈ పనిముట్ల పరంపరకి మా ఊరితో గట్టి చుట్టరికమే ఉంది. సెడ్‌కి తోబుట్టువులాంటి ‘ఆక్’ 1977లో వచ్చింది. ఆ పేరు ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలు: ఆహో, వైన్‌బర్గర్, కెర్నిగన్. ఆల్‌ఫ్రెడ్ ఆహో ఒంటారియోలోని టిమిన్స్‌లో పుట్టారు, బ్రయన్ కెర్నిగన్ టొరంటోలోనే. ఇద్దరూ టొరంటో విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ ఫిజిక్స్ చదివారు. అక్కడే చదువుకున్న మరో కెనడియన్ రాబ్ పైక్, కెన్ థాంప్సన్‌తో కలిసి 1992లో అక్షరాల్ని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిని రూపొందించారు. నా ఫైళ్ళలోని తెలుగంతా ఉన్నది అందులోనే.

కంటికి ‘క్షి’ ఒక్క అక్షరం. యూనికోడ్‌లో నాలుగు: క, పొల్లు, ష, గుడి. యూటీఎఫ్-8లో ఒక్కోటీ మూడు బైట్లు, మొత్తం పన్నెండు. కెర్నిగన్ చూసుకుంటున్న అసలు ఆక్ చాలాకాలం బైట్లే లెక్కపెట్టేది, ‘క్షి’ పొడవెంతని అడిగితే పన్నెండనేది. 2022లో, 80 ఏళ్ళ వయసులో, ఆయనే కూర్చుని దానికి యూనికోడ్ నేర్పారు. ఇప్పుడు నాలుగంటుంది.