దేవుడివో, దేవతవో

నాన్న పోయిన దగ్గర్నుంచి మా ఇంట్లో వినాయక చవితి పూజ నేనే చేస్తున్నాను. మొదటి ఏడాది పీట మీద కూర్చుని, పసుపు వేళ్లతో పేజీలు తిప్పుతూ గబగబా చదువుకుంటూ పోయాను. పసుపు తడికి రెండు పేజీలు అంటుకుపోయాయి. ఆవాహన దాటేసి పాద్యానికి వెళ్లిపోయాను. నేను గమనించలేదు. ఉండ్రాళ్ల పళ్లెం పట్టుకుని వెనక నిలబడ్డ అమ్మకు సంస్కృతం రాదు, అయినా ఆవిడే పట్టుకుంది.

"రమ్మనకుండానే కాళ్లు కడుగుతావేంరా? ఆయనింకా రానే లేదుగా. మళ్లీ మొదట్నుంచి చదువు" అంది.

చదివాను. పాద్యం, అర్ఘ్యం, నైవేద్యం అన్నీ వచ్చినవారికి చేసే మర్యాదలు. ఆవాహన ఒక్కటే రమ్మని అడగడం. అది లేకపోతే మిగతావన్నీ ఖాళీ పీటకు చేసిన ఉపచారాలే. చాలా ఏళ్ల తరువాత ప్రాచీన రోమన్ల పూజల గురించి చదువుతుంటే అమ్మ మాట మళ్లీ వినిపించింది. క్రీ.పూ. 176లో ఆల్బా కొండ మీద జూపిటర్‌కు లాటిన్ ఊళ్లన్నీ కలిసి చేసే పండగ జరిగింది. ఒక బలి దగ్గర లానూవియం ఊరి అధికారి రోమన్ ప్రజల క్షేమం కోరే మాట చెప్పడం మరిచిపోయాడు. విషయం సెనేట్‌కు వెళ్లింది, అక్కడి నుంచి పూజారుల మండలికి వెళ్లింది. పండగంతా మళ్లీ చేయాలనీ, బలి పశువులను లానూవియం వాళ్లే ఇచ్చుకోవాలనీ తేల్చారు. చరిత్రకారుడు లివీ రాసిపెట్టిన సంగతి ఇది.

ఇంత పట్టింపు చూసి, రోమన్లది ప్రాణంలేని తంతు అనుకునేవాళ్లున్నారు. నేను అలా అనుకోను. పెద్ద బలుల దగ్గర ఒకరు రాసి ఉన్నది చూసి ముందు చదివేవారు, పక్కన ఇంకొకరు మాట పోకుండా కాచుకునేవారు, మరొకరు జనాన్ని నిశ్శబ్దంగా ఉంచేవారు, వేరే చప్పుడేదీ వినపడకుండా ఒకరు పిల్లనగోవి ఊదేవారు అని రోమన్ రచయిత ప్లీనీ రాశాడు. మంగళసూత్రం కట్టేటప్పుడు మనం గట్టిమేళం అనేది కూడా అపశకునపు మాట ఏదీ చెవిన పడకూడదనే కదా. పిలుపును అంత భద్రంగా చూసుకున్నారంటే, అవతల వినేవారు ఉన్నారన్న నమ్మకం ఎంత గట్టిదో అర్థమవుతుంది.

నన్ను పూర్తిగా కట్టిపడేసింది మాత్రం కేటో రాసిన ఒక చిన్న విధి. కేటో సేనాని, రాజకీయ నాయకుడు. అంతకన్నా ముందు రైతు. క్రీ.పూ. రెండో శతాబ్దంలో సేద్యం మీద ఆయన రాసిన పుస్తకం మనకు మొత్తంగా మిగిలిన లాటిన్ వచన గ్రంథాల్లో అతి పాతది. ఒక తోపులో చెట్లు పలచన చేయాలి. ఆ తోపు ఎవరిదో రైతుకు తెలియదు. అందుకని పందిని బలి ఇస్తూ, దేవుడివో దేవతవో, ఈ చోటు ఎవరిదైతే వారికి అని విన్నవించుకోవాలంటాడు. చెట్టు నేనే నరికినా, నా మాట మీద ఇంకొకరు నరికినా దోషం అంటకూడదని కూడా అందులోనే అడుగుతాడు. నేల తవ్వాలంటే మళ్లీ ఇంకో బలి, ఇంకో విన్నపం. పేరు తెలియదు, రూపం తెలియదు, ఆడో మగో కూడా తెలియదు. ఇక్కడ ఎవరో ఉన్నారనీ, ఈ చోటు తనది కాదనీ మాత్రం తెలుసు. 1820లో రోమ్‌లోని పాలటైన్ కొండ దగ్గర ఒక రాతి వేదిక బయటపడింది. దాని మీద కూడా దేవుడి పేరు లేదు. దేవుడో దేవతో, ఎవరైతే వారికి అనే అర్థమొచ్చే మాటలే చెక్కి ఉన్నాయి.

నేను పూజించే వినాయకుడికి తొండం, బొజ్జ, ఎలుక ఉన్నాయి. ఎవరిని పిలుస్తున్నానో నాకు బాగా తెలుసన్న ధీమా ఆ మట్టిబొమ్మ ఇస్తుంది. కేటో రైతుకు ఆ ధీమా లేదు. అందుకే అతని పిలుపులో నాకన్నా ఎక్కువ భయం, ఎక్కువ మర్యాద కనిపిస్తాయి.

మరి రూపం తెలియని దేవతల స్వభావం వాళ్లకెలా తెలిసేది? చేసే పనిని బట్టి తెలిసేది. భూదేవతకూ, పైరుల తల్లి సీరీస్‌కూ బలి ఇచ్చేటప్పుడు పూజారి పన్నెండు పేర్లు పిలిచేవాడు. వాటిలో కొన్ని: మొదటి దుక్కి దున్నించే వెర్వాక్టర్, విత్తనం వేయించే ఇన్సిటర్, కలుపు తీయించే సబ్‌రంకినేటర్, కోత కోయించే మెస్సర్, పంటను ఇంటికి చేర్చే కన్వెక్టర్, గాదెలో దాచే కాండిటర్, చివరికి గాదె తెరిచి గింజలు బయటికి తీయించే ప్రోమిటర్. ఈ దేవుళ్లకు కథలు లేవు, పెళ్లిళ్లు లేవు. ఆ పని జరిగే క్షణమే వాళ్ల ఉనికి. కలుపు తీసేవేళ వంగిన నడుముకు తోడుగా ఒకరున్నారని పేరు పెట్టి పిలుచుకున్న ఆ మనుషులంటే నాకు గౌరవం. క్రైస్తవ మతాచార్యుడు సెయింట్ అగస్టీన్‌కు ఇది నచ్చలేదు. మనిషైతే ఒక్క కాపలాదారు చాలే, తలుపుకో దేవుడు, బందుకో దేవత, గడపకో దేవుడు ఎందుకని వెక్కిరించాడు. అమ్మ శుక్రవారం పూట గడపకు పసుపు రాసి బొట్టు పెట్టడం చూస్తూ పెరిగినవాడిని. ఈ విషయంలో నేను రోమన్ల పక్షమే.

వాళ్ల పిలుపులన్నీ నాకు నచ్చాయని కాదు. క్రీ.పూ. 396లో వెయీ అనే నగరాన్ని పట్టుకునే ముందు రోమన్ సేనాని కమిల్లస్ ఆ ఊరి దేవత జూనోను, మా రోమ్‌కు రా, గుడి కట్టిస్తాం అని పిలిచాడు. ఊరు పడ్డాక, స్నానం చేసి తెల్లబట్టలు కట్టుకున్న యువకులు విగ్రహం దగ్గరికి వెళ్లారు. వస్తావా తల్లీ అని అడిగితే తల ఊపిందని చెప్పుకున్నారు. అవెంటైన్ కొండ మీద గుడి కట్టిన మాట నిజమే. కానీ ఊరిని దోచి, ఆ ఊరి తల్లిని కూడా తీసుకుపోవడానికి పిలిచిన పిలుపది. ఇంత భక్తితో చేసినా అది దోపిడీయే అంటాను.

ఇప్పటి యూరప్‌లో, అమెరికాలో పాత దేవతలను మళ్లీ కొలిచే పేగన్లున్నారు. వాళ్లలో విక్కా అనే మార్గంలో దేవతను పూజారిణి ఒంటి మీదికే ఆవాహన చేస్తారు. మన జాతరల్లో అమ్మవారు పూనడం ఎరిగినవారికి అది వింతగా అనిపించదు. ఆ దేవతలు విడివిడి వ్యక్తులా, ఒకే శక్తికి రూపాలా, మన మనసులోని ముఖాలా అని వాళ్లలో వాళ్లకే వాదాలున్నాయి. ఆ వాదం తేలేదాకా పూజ ఆపనక్కర్లేదని నా అభిప్రాయం. కేటో తోపులో కూడా ఆ ప్రశ్న తేలలేదు. తేలలేదని ఒప్పుకునే అతను పిలిచాడు.

అమ్మకు చూపు తగ్గింది. చవితి రోజు ఇప్పటికీ నా వెనకే కుర్చీ వేసుకుని కూర్చుంటుంది, మాట పోకుండా కాచుకోవడానికి. రాబోయే చవితికి మీరూ పుస్తకంలో ఆవాహన దగ్గర కాస్త ఆగండి. ఎవరిని రమ్మంటున్నారో ఒక్కసారి తలచుకుని, అప్పుడు నీళ్లు వదలండి.