ఫొటోలో ఇద్దరున్నారు

కొత్తగా డెస్క్‌లో చేరే పిల్లలకు నేనిచ్చే మొదటి పరీక్ష ఒక పాత వార్త. 2004 ఫిబ్రవరి 1, అమెరికాలోని హ్యూస్టన్. అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనలైన సూపర్ బౌల్ మ్యాచ్ విరామంలో జానెట్ జాక్సన్, జస్టిన్ టింబర్‌లేక్ కలిసి పాడుతున్నారు. పాట ఆఖర్లో జస్టిన్ చెయ్యి చాచి జానెట్ వేసుకున్న డ్రెస్ ముందు భాగం పట్టుకుని లాగాడు. అది ఊడి అతని చేతికొచ్చింది. ఆమె కుడి రొమ్ము బయటపడింది. టీవీలో అది కనిపించిన సమయం సెకనును పదహారు ముక్కలు చేస్తే అందులో తొమ్మిది ముక్కలు. కాపీ ఇంతే. హెడింగ్ పెట్టండి, ఫొటోను సింగిల్ కాలమ్‌కు సరిపెట్టండి అంటాను.

దాదాపు అందరూ ఒకే దారి పడతారు. ‘వేదికపై జానెట్ రచ్చ’, ‘మైకేల్ జాక్సన్ చెల్లెలికి పరాభవం’, ‘జారిన దుస్తులు’. ఫొటో దగ్గరికొస్తే ఇంకా చిత్రం. సింగిల్ కాలమ్‌లో ఇద్దరూ పట్టరు కాబట్టి ఎవరో ఒకరు పోవాలి. పోయేది ఎప్పుడూ కుర్రాడే. ఫ్రేము అంచున అతని చెయ్యి మాత్రం మోచేతి దాకా మిగిలిపోతుంది, ఎవరిదో తెలియకుండా.

ఒకమ్మాయి మాత్రం ‘జానెట్ దుస్తులు లాగిన జస్టిన్’ అని రాసింది. పక్క సీట్లోని సీనియర్ చూసి, “తప్పు అతనిదేనని ఎవరు తేల్చారమ్మా?” అన్నాడు. “మరి ఆమెదని ఎవరు తేల్చారు సార్?” అంది. ఆయన టీకి లేచాడు.

అమెరికా మీడియా ఆ ప్రశ్న వేసుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ రాత్రి నుంచి, ప్రసారాలను నియంత్రించే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్‌కు అయిదు లక్షలకు పైగా ఫిర్యాదులు వెళ్లాయి. ప్రసారం చేసిన సీబీఎస్‌కు 5,50,000 డాలర్ల జరిమానా పడింది. జానెట్ కెమెరా ముందు కూర్చుని, రిహార్సల్స్ అయిపోయాక చివరి నిమిషంలో తీసుకున్న నిర్ణయమిది, చానెళ్లకు తెలియదు అంటూ క్షమాపణ చెప్పింది. సరిగ్గా వారానికి, ఫిబ్రవరి 8న గ్రామీ వేడుక, అదీ సీబీఎస్‌లోనే. జస్టిన్ వచ్చాడు, రెండు అవార్డులు అందుకున్నాడు, పనిలో పనిగా సారీ చెప్పాడు. జానెట్ ఆ హాల్లో లేదు. అప్పట్లో సీబీఎస్, సంగీత చానెల్ ఎంటీవీ రెండూ వయాకామ్ సంస్థవే. ఆ సంస్థ చానెళ్లలో, రేడియోల్లో ఆమె పాటలు వినిపించకుండా పోయాయని తర్వాత చాలా కథనాలొచ్చాయి. డిస్నీ వరల్డ్‌లో ఆమె ‘రిథమ్ నేషన్’ ఆల్బమ్ నాటి డ్రెస్ తొడిగిన మిక్కీ మౌస్ బొమ్మ ఉండేది, దాన్నీ పీకేశారు. బొమ్మేం చేసిందో పాపం!

ఇద్దరూ కలిసి ముందే అనుకుని చేసిందే కదా అనేవాళ్లున్నారు. అనుకునే ఉంటారు. అప్పుడు తిట్లు కూడా చెరిసగం పంచాలి. పంపకం అలా జరగలేదు. తన వాటాకు నిందలో పదో వంతు మాత్రమే వచ్చిందని, అమెరికా ఆడవాళ్ల మీద, తెల్లవాళ్లు కానివాళ్ల మీద ఎక్కువ కఠినంగా ఉంటుందని రెండు మూడేళ్ల తర్వాత జస్టినే ఒక ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు. తెలిసీ ఆ వాటా పెంచుకోలేదు, అది వేరే సంగతి.

ఎందుకిలా? అతనికి అంతకుముందు రోజే 23 నిండాయి. తెల్ల కుర్రాడు, ఏదో తెలియక చేశాడు. ఆమెకు 37. నల్లజాతి స్త్రీ, అన్నీ తెలిసినది, తెలిసే చేసి ఉంటుంది. దీనికి తోడు అన్న మైకేల్ మీద అంతకు కొన్ని వారాల ముందే కాలిఫోర్నియాలో కేసు నమోదైంది, ఆ ఇంటిపేరు వింటేనే రిపోర్టర్లు పెన్నులు తీసే రోజులు. సహానుభూతి అంటే కన్నీళ్లు పెట్టుకోవడం అనుకుంటాం. మా పనిలో అది చాలా పొడిగా ఉంటుంది: వివరణ కోసం ఎవరికి ఫోన్ చేశాం, కొత్త ఆల్బమ్ ఎప్పుడని ఎవరిని అడిగాం, ఫొటోలోంచి ఎవరిని కోసేశాం. రోజూ చేసే ఈ పనుల్లోనే రంగూ లింగభేదమూ దూరిపోతాయి. చేసేవాడికి దురుద్దేశం ఉండనక్కర్లేదు, పేజీ వదిలే తొందర ఉంటే చాలు.

తెల్లదనం ఉన్నంత మాత్రాన ఆడదానికి రక్షణ దొరికిందనీ కాదు. జస్టిన్ మాజీ ప్రియురాలు, గాయని బ్రిట్నీ స్పియర్స్ 2007లో గుండు గీసుకున్నప్పుడు ఆ ఫొటోలతో పత్రికలు పండగ చేసుకున్నాయి. కాకపోతే 2021 ఫిబ్రవరిలో ఆమె మీద డాక్యుమెంటరీ వచ్చాక అందరికీ ఒక్కసారిగా పశ్చాత్తాపం పుట్టింది. జస్టిన్ కూడా ఇన్‌స్టాగ్రామ్‌లో క్షమాపణ రాశాడు, బ్రిట్నీకి, ఆ పక్కనే జానెట్‌కి. అంటే జానెట్ వంతు రావడానికి పదిహేడేళ్లు పట్టింది, అదీ బ్రిట్నీ వెనకాల. మధ్యలో 2018లో సూపర్ బౌల్ వేదిక అతన్ని మళ్లీ పిలిచింది. ఆమెను పిలవలేదు. అన్నట్టు, యూట్యూబ్ స్థాపకుల్లో ఒకడైన జావెద్ కరీం, 2004 నాటి ఆ క్లిప్పు నెట్‌లో వెతికితే దొరక్కపోవడం కూడా తమ ఆలోచనకు ఒక కారణమని చెప్పాడు. ఆ అర సెకను వల్ల బాగుపడినవాళ్లూ ఉన్నారన్న మాట.

మన దగ్గర రంగు కథ వేరు కానీ, ప్రశ్నలు వేసే తీరు ఒకటే. ‘ఏ మాయ చేసావే’లో సమంతకు గొంతిచ్చిన గాయని చిన్మయి 2018 అక్టోబరులో ఒక ప్రముఖ తమిళ గేయ రచయిత మీద లైంగిక వేధింపుల ఆరోపణ చేసింది. ఆయన ఖండించారు. అది ఆయన హక్కు. కానీ మైకులు ఎటు తిరిగాయి? ఇన్నాళ్లూ ఏం చేశావు, పెళ్లికెందుకు పిలిచావు అంటూ ఆమె వైపే. నెల తిరిగేసరికి చెన్నైలో డబ్బింగ్ యూనియన్ సభ్యత్వం పోయింది, చందా కట్టలేదన్నది వాళ్లు చెప్పిన కారణం. 2023లో ‘లియో’లో త్రిషకు ఆమెతో డబ్బింగ్ చెప్పించినప్పుడు అదే పెద్ద వార్తయింది. గాయని తన పని తాను చేసుకోవడం వార్త కావాల్సి వచ్చింది.

సూపర్ బౌల్ జరిమానాను ఆఖరికి కోర్టులు కొట్టేశాయి, 2012లో అమెరికా సుప్రీంకోర్టు కూడా జోక్యం చేసుకోనంది. సీబీఎస్ ఖాతా అలా సరిపోయింది. జానెట్ ఖాతా సరిచేయడానికి ఏ కోర్టూ లేదు, ఆ పని పత్రికలదే.

మీరూ ఒక పని చేయండి. సినిమా పేజీలో ఎవరైనా గాయని మీదో నటి మీదో వివాదం వార్త కనిపిస్తే, అందులో ఉండాల్సిన రెండో పేరు ఉందా, ఫొటోలో అంచున ఎవరిదైనా చెయ్యి మిగిలిందా చూడండి. కనిపిస్తే డెస్క్‌కు ఫోన్ చేసి అడగండి. పాఠకుల నుంచి మాకు రోజూ ఫోన్లు వస్తూనే ఉంటాయి, ఎక్కువగా రాశిఫలాల్లో, పదవినోదంలో తప్పుల గురించి.