జీర్ణనౌకోద్ధరణము

జీర్ణదేవాలయమును ఉద్ధరించిన పుణ్యాత్ముని మన శిలాశాసనములు వేనోళ్ళ కీర్తించుచున్నవి. జీర్ణనౌకను తన రెండు చేతులతో ఉద్ధరించిన వానిని కీర్తించు శాసనము నాకెచటను కానరాలేదు. ఆ లోటు కొంతయైన తీర్చవలెనను కోరికతోనే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

1892లో, పొగయోడలు వచ్చి తెరచాప విద్యకు గిరాకి తగ్గి కొలువు దొరకక యున్న జాషువా స్లోకమ్ అను కప్తానునకు, తిమింగిలముల వేటలో తల నెరసిన మిత్రుడొకడు ‘స్ప్రే’ అను ఓడను ఊరకే ఇచ్చెను. అమెరికాలోని ఫెయిర్‌హేవెన్ అను రేవూరికి పోయి చూచునప్పటికి, అది ఉప్పునీటికి దూరముగా ఒక పొలములో, ఆనుకఱ్ఱలపై, ఏడేండ్లుగా పడియున్న, ఆల్చిప్పలు పట్టు ముసలి పడవ. బాగుచేసెద నన్న స్లోకమును చూచి ఊరివారు గిట్టుబాటగునా యని అడిగిరి. ఆయన గొడ్డలి తీసికొని దాపున నున్న ఓక్ చెట్టును కూల్చి అడుగుదూలము చెక్కెను. కఱ్ఱలను ఆవిరిపెట్టెలో మెత్తబఱచి పక్కటెముకలుగా వంచెను. అంగుళమున్నర మందముగల పైన్ పలకలను తొడిగెను. ఒక్కొక్క ముక్కయే తీసి ఒక్కొక్క ముక్కయే పెట్టుచు పోగా, పాత ఓడ ఎచట గతించెనో క్రొత్త ఓడ ఎచట జన్మించెనో చెప్పుట ఆయనకే కష్టమయ్యెను. పట్టిన కాలము పదమూడు నెలలు. సామగ్రికైన వ్యయము 553 డాలర్ల 62 సెంట్లు. 1895 ఏప్రిల్ 24న బోస్టనులో లంగరెత్తి, 1898 జూన్ 27న న్యూపోర్టు చేరువఱకు 46,000 మైళ్ళు ఒంటరిగా ఆ పడవపై భూప్రదక్షిణము చేసెను. అంతకు ముందు ఆ పని ఏకాకిగా చేసినవాడు లేడు. కీలింగ్ దీవులకడ, ఓక్ కొయ్యతోనే చేసిన దాని ముందుదూలము పగడపుదిబ్బను రెండుగా చీల్చియు గాయపడలేదట! ఇంతకంటె ఒక వడ్రంగికి బిరుదమేమి కావలెను?

స్లోకమ్ చిన్ననాటినుండియు సముద్రజీవి. అనుభవము లేనివాని మాట యేమి యందురేమో. 1936లో మన నందాదేవి శిఖర మెక్కిన టిల్‌మన్, ఏబదియాఱవ యేట, 1954లో, ‘మిస్చీఫ్’ అను పాత ఓడను కొనెను. కొండలెఱిగిన వాడేగాని, తెరచాపలో క్రొత్తవాడు. 1906లో కార్డిఫ్‌లో కట్టిన ఆ ఓడ, రేవునకు వచ్చు నౌకలకు దారిచూపు పైలట్లది. ఎదురేగి ముందుగా చేరినవానికే కూలి దక్కు వృత్తి యగుటచే, అట్టి ఓడలు గాలివానలో నిలిచి, ఒక మనిషి, ఒక కుఱ్ఱవాడు నడుపుటకు వీలుగా నుండెడివి. నన్నడిగిన, కొయ్యతో చేతులు చేసిన వాహనములలో అంతకు మించినది లేదు. దానితోనే ఆయన పటగోనియాకును, గ్రీన్లాండునకును పోయెను. 1968లో జాన్ మాయెన్ దీవికడ అది మునిగెను.

ఇక విద్య మాట. పాత ఓడను కొనువాడు రంగు చూడరాదు, సూదిమొన గల కత్తి చేతబట్టవలెను. అడుగుదూలము నంటియున్న పలకలోను, మంచె (డెక్కు) క్రిందను, మూలలందును గ్రుచ్చి చూడవలెను. కొయ్యసుత్తితో తట్టినపుడు మంచి కొయ్య ఖంగున పలుకును, కుళ్ళినది మూల్గును. కుళ్ళు విషయమున ఉప్పునీరు కొయ్యకు శత్రువు కాదు. మంచెసందులనుండి జాఱు వాననీరే దానిని చంపును. ఓక్ కొయ్యలోని కషాయగుణము ఇనుపమేకులను తిని, మేకు చుట్టు నున్న కొయ్యను నల్లబఱచును. పక్కటెముకలను వరుసగా ఊడదీసిన ఓడ ఆకారమే చెడును. ఒకటి విడిచి ఒకటి మార్చవలెను. అంగుళపు మందమునకు గంటసేపు ఆవిరి పెట్టవలె నందురు. పెట్టెనుండి తీసిన కఱ్ఱ క్షణములలో బిగుసుకొనును గనుక, వంచువాని చేతులకు తడబాటు పనికిరాదు. ఆపై పలకల సందులలో ప్రత్తియు, తారు పట్టించిన నారయు దట్టించుట. ఇది చెవితో చేయు పని! వదులైన నీరు చొచ్చును, బిగువు మీఱిన నానిన పలకలు ఉబ్బి ఎముకలనుండి విడివడును. స్లోకమ్ కూర్చిన సందులు ఎట్టివో యనగా, ఆస్ట్రేలియా దాటిన పిమ్మట నీరు తోడు యంత్రమును అమర్చవలసిన పనియే ఆయనకు కలుగలేదు.

ధనము కొంచెముగా గలవాడు ముందు నీరు రాకుండ చేసికొని, పిదప చుక్కాని, తెరచాపకొయ్య, దానిని పట్టు తీగలు చూచుకొనవలెను. గదిలోని మెత్తలును వార్నీషును కడపటివి. వాటితో మొదలుపెట్టినవారి ఓడలే ఒడ్డున పడియున్నవి.

ఇప్పుడు జరుగుచున్నదో! కుళ్ళిన పలకను తీయక, దానిపై ఫైబర్‌గ్లాసు బట్ట అంటించి, రెసిన్ పూసి, తెల్లరంగు వేసి, క్రొత్తదని అమ్ముచున్నారు. లోపల తేమ బంధింపబడి, నానియు ఎండియు కదలుచుండు కొయ్య ఆ కవచము క్రింద దిక్కులేక కుళ్ళుచుండును. ఇది మరమ్మతు కాదు, మోసము. ఎఱుగని పేదకుఱ్ఱవాని కష్టార్జితమును సముద్రములో కలుపు మోసము. తెలియక చేసినవానిని క్షమింపవచ్చును, తెలిసి చేసినవానిని క్షమింపరాదు. మఱికొన్ని చోట్ల శతవర్షములు నిలిచిన ఓక్‌ను కోసి పొయ్యిలో పెట్టుచున్నారు.

నిజముగా ఉద్ధరించువారును లేకపోలేదు. 1927లో ఫాస్ట్‌నెట్ అను తెరచాప ఓడల పందెములో, తుపానునకు రెండే ఓడలు గమ్యము చేరగా, గెలిచినది 1910 నాటి ‘టాలీ హో’. అది శిథిలమై ఆరిగన్ రేవులో పడియుండగా 2017లో లియో గూల్డెన్ ఒక పౌనునకు కొనెను. ఆ యొక్క పౌను చూచి భ్రమపడకుడు: మరల నీట దింపుటకు 2024 వచ్చెను. పాత ఓడ వెల కొన్ననాడు తెలియదు.

కోరంగి రేవున ఓడలు కట్టిన వడ్రంగుల దేశపు పాఠకులారా, బాడిస పట్టిన వృద్ధుడెవ్వడైన మీకెదురైన, ఆయన చేతివాటమును ఇప్పుడే నేర్చుకొనుడు. స్లోకమ్ తిరిగివచ్చిన పిమ్మట స్ప్రేను మరల ఫెయిర్‌హేవెనునకు నడిపి, మూడేండ్ల ప్రదక్షిణమునకు మున్ను, తొలిసారి నీట దింపిననాడు దానిని ఆపుటకై గట్టున పాతిన దేవదారు గుంజకే కట్టివేసెను.