పిల్ల కాని గుడ్లు

కోడిగుడ్డు పెంకు నున్నగా కనిపించినా దాని నిండా వేల సన్నని రంధ్రాలుంటాయి. లోపలి పిండానికి ప్రాణవాయువు అందేదీ, నీటి ఆవిరి బయటికి పోయేదీ వాటిగుండానే. పెంకు లోపలివైపు రెండు పొరలున్నాయి. లావు కొస దగ్గర అవి విడిపోయి చిన్న గాలి గది ఏర్పడుతుంది. పచ్చసొనను అటూ ఇటూ తెల్లటి మెలితాళ్లు పట్టి నిలుపుతాయి. గుడ్డు ఎటు దొర్లినా పిండం ఉన్న చుక్క పైకే తిరుగుతుంది. పొదిగేకొద్దీ గుడ్డు బరువులో సుమారు ఎనిమిదో వంతు తేమగా పోయి, ఆ మేరకు గాలి గది పెద్దదవుతుంది.

మా అత్తయ్య పొదుగు పెట్టే తీరంతా ఈ కట్టడానికి తగ్గట్టే ఉంటుంది. వారం దాటిన గుడ్లు తీసుకోదు. గంపలో ఊక పోసి, వరిగడ్డి పరిచి, మధ్యలో అరచేత్తో గుంట నొక్కుతుంది. గుంట మరీ లోతైతే గుడ్లు ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. చదునుగా ఉంటే అంచుకు దొర్లి చల్లబడతాయి. ప్రతి గుడ్డు మీదా బొగ్గుతో గీత గీస్తుంది. వేరే పెట్ట వచ్చి పెట్టిపోయిన గుడ్డు ఏదో అప్పుడు ఇట్టే తెలుస్తుంది.

ఆ తర్వాత పని పెట్టది. రొమ్ము కింది వెచ్చని చర్మాన్ని గుడ్లకు ఆనించి కూర్చుంటుంది. ముక్కుతో వాటిని దొర్లిస్తూ ఉంటుంది. లేకపోతే పిండం పొరకు అతుక్కుపోతుంది. వారం గడిచాక చీకట్లో టార్చికి అడ్డం పెడితే, బతికున్న గుడ్డులో సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనబడతాయి. చివరి రోజుల్లో పిల్ల గాలి గదిలోకి ముక్కు పొడిచి తొలి ఊపిరి తీస్తుంది. ముక్కు కొసనున్న గట్టి మొటిమతో పెంకుకు చిల్లి వేసి, గంటల తరబడి ఆగుతుంది. ఆ విరామంలో పొరల్లోని రక్తం ఒంట్లోకి చేరుతుంది, మిగిలిన పచ్చసొన కడుపులోకి పోతుంది. అప్పుడే గుండ్రంగా తిరుగుతూ పెంకును కోసుకుని, 21వ రోజుకు బయటపడుతుంది.

మామయ్య పోవడానికి కొద్ది రోజుల ముందు కూర్చోబెట్టిన పెట్ట ఒక్క పిల్లనూ లేపలేదు. ఆ వారం టార్చి పట్టి చూసినవాళ్లు లేరు. పెద్దకర్మకు వచ్చిన జనానికి బెదిరి పెట్ట గంప దిగి చాలాసేపు తిరిగి ఎక్కలేదు. “నేను చూసుకోకే పోయాయి,” అంది అత్తయ్య. మామయ్య గురించీ అప్పటికి అదే మాట అంటోంది, ఇంకా ముందే ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందని.

గడువు దాటాక ఆమె గుడ్లను పారేయలేదు. పెరట్లో కూర్చుని ఒక్కొక్కటే పగలగొట్టింది. కొన్నిట్లో సొన తేటగానే ఉంది: పుంజు కలవనివి. ఒకదాంట్లో సన్నని రక్తపు వలయం: మొదటి రోజుల్లోనే ఆగిన పిండం. రెండిట్లో నూగు మొలుస్తున్న పిల్లలు. చలి తగిలినవి అవే కావచ్చు. ఇంకోదాంట్లో పూర్తిగా తయారైన పిల్ల ఉంది, కానీ తల సన్న కొస వైపు తిరిగింది. దానికి గాలి గది అందలేదు. “అన్నీ ఆ రోజు పోయినవి కావురా,” అంది నాతో.

తర్వాతి పొదుగుకు గంపను వసారాలోంచి వడ్ల గదిలోకి మార్చింది. పుంజుతో తిరిగే పెట్టల గుడ్లే ఏరింది. పెంకు లోపల అడ్డం తిరిగిన పిల్లను ఏ చేతిపనీ సరిచేయలేదు. ఆ ఒక్క నష్టాన్ని ఆమె తన ఖాతాలో రాసుకోవడం మానేసింది.