దిద్దడం, రాయడం: పెద్దబాలశిక్ష అక్షరక్రమం - దక్షిణ తెలంగాణ పసిపిల్లల తొలి రాత

తెలుగువారి పలుకుబడిలో చదువు మొదలుపెట్టడమంటే ఓనమాలు దిద్దడం. దిద్దడమంటే గురువు రాసిన గీతల మీదే మళ్లీ మళ్లీ గీయడం. తప్పును సవరించడం కూడా. (1910 నాటి గురజాడ కథ శీర్షిక 'దిద్దుబాటు' రెండో అర్థంలోనిది.) నల్లగొండ, పాలమూరు ప్రాంతాల పసిపిల్లల తొలి రాతలో ఈ రెండర్థాలూ పెనవేసుకున్నాయి.

నిజాం రాజ్యంలో ఉర్దూ పాలనాభాష, పై చదువుల భాష. అప్పుడు తెలుగు అక్షరానికి ఆసరా ఇల్లూ వీధిబడే. 1922లో నల్లగొండ నుంచి వెలువడిన నీలగిరి పత్రికకు, 1926లో సురవరం ప్రతాపరెడ్డి ప్రారంభించిన గోలకొండ పత్రికకు తెలుగు చదవగలిగినవారు దొరకడం వెనుక ఆ చదువు ఉంది. దాని ప్రధాన పాఠ్యం పెద్దబాలశిక్ష. 1832లో పుదూరు సీతారామశాస్త్రి కూర్చిన బాలశిక్షే దానికి మూలం. విమర్శకులు దాన్ని పిల్లల విజ్ఞాన సర్వస్వంగా మెచ్చుకుంటారు. రాత నేర్పే పుస్తకంగా పరిశీలించడం అరుదు.

పెద్దబాలశిక్ష అనుసరించేది సంప్రదాయ వర్ణమాల. ఆ క్రమం నోటిది, చేతిది కాదు. కంఠం నుంచి పెదవుల దాకా ఉచ్చారణ స్థానాలను బట్టి వర్గాలు ఏర్పడ్డాయి. ఉచ్చారణశాస్త్రంగా అది గొప్ప అమరికే. కాని 'ఊ' దిద్దిన చేతికి వెంటనే ఋ, ౠ, ఌ, ౡ ఎదురవుతాయి. వీటిలో చివరి రెండింటికి తెలుగు మాటల్లో చోటే లేదు. 'క' తర్వాత ఖ, ఘ, ఙ. ఆకారంలో దగ్గరివైన ప, వ మధ్య ఏడు అక్షరాలు అడ్డం. 'ర' కడుపులో చుక్క పెడితే 'ఠ' అవుతుందన్న సులువు ఆ వరుసలో కనిపించదు.

ఈ లోటును వీధిబడి ఇసుకతో కొంత పూడ్చింది. బలపం పట్టు కుదరని వయసులో చూపుడువేలు చాలు. మణికట్టుతోపాటు చెయ్యంతా కదులుతుంది. గీత తప్పితే అరచేత్తో చెరిపితే సరి. పాత పద్ధతి అని ఈసడించదగినది కాదు. చిక్కంతా దిద్దడం ఎక్కడ ఆగాలో తెలియకపోవడంలో ఉంది. గీత మీద గీత గీసిన పిల్ల, గీత తీసేస్తే తడబడుతుంది. కళ్లముందు లేని అక్షరాన్ని గుర్తు తెచ్చుకొని గీసినప్పుడే అది ఆమె రాత అవుతుంది.

గుర్తు తెచ్చుకోవడానికి మాట కావాలి. ఆ మాట ఇంటిదై ఉండాలి. పాలమూరు పిల్ల ఆకాశంలో చూసేది మొగులు. వాచకంలో ఉండేది మేఘం. 'ఘ' ఆమె నోటికీ కొత్తే, చేతికీ కష్టమే. అలాగని ఇంటిమాట ఎప్పుడూ సులువని వాదించడం సరికాదు. 'దారి' కంటే 'తొవ్వ' రాయడం కష్టం, అందులో వత్తు ఉంది. అయినా పలకమీద 'మొగులు' అని రాసిన పిల్లకు దాన్ని కొట్టివేసి 'మేఘం' అని దిద్దితే, సవరణ పొందింది అక్షరం కాదు, ఆమె అమ్మ మాట. 'మొగులు'లో అక్షరదోషం లేదు. మేఘం దాని పక్కన మరో మాటగా చేరవచ్చు.

గుణింతానికి ముందే రాయదగిన మాటలు ఈ నేల మీద ఉన్నాయి: గడప, వడ, పలక. మూడోదైతే, పిల్ల ఏ వస్తువు మీద రాస్తున్నదో దాని పేరే.