రక్తపరీక్ష నివేదికలో తెలుగు: పదం, వాక్యం, అర్థం – ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

చిన్న వైద్యశాలకు అనుబంధంగా ఉండే ప్రయోగశాల ఇచ్చే నివేదికను ఒక భాషాపాఠంగా స్వీకరించి, రక్తశాస్త్ర, సూక్ష్మజీవశాస్త్ర పదాలు తెలుగులో ఎలా అర్థమవుతున్నాయో, ఎక్కడ అపార్థమవుతున్నాయో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. లోపం పదాల కొరతలో కంటె వివరణ వాక్యం లేకపోవడంలోనే ఎక్కువగా ఉందన్నది ఇందలి ప్రతిపాదన.

కీలకపదాలు: పరిభాష, రక్తపరీక్ష, సూక్ష్మజీవశాస్త్రం, అనువాదం, చుండూరు.

ఉపోద్ఘాతం:

బాపట్ల జిల్లా చుండూరు వంటి మండల కేంద్రంలో జ్వరంతో వైద్యుడి దగ్గరికి వెళ్ళినవారికి మందుల చీటీ కంటె ముందు పరీక్షల చీటీ అందడం నేడు సాధారణం. ఆ తరువాత వచ్చే ల్యాబ్ రిపోర్టు వారి దేహాన్ని గురించే మాట్లాడుతుంది గాని వారితో మాట్లాడదు. కవిత్వాన్ని, కథను, శాసనాన్ని పాఠంగా చదివిన తెలుగు విమర్శ ఈ కాగితాన్ని అలా చదవడం అరుదు. చదవవలసిన అవసరం ఉంది.

1. ‘శాతం’ అనే పొరపాటు:

‘హిమోగ్లోబిన్ 9 శాతం ఉంది’ అనే వాక్యం వార్తల్లోనూ, ఇళ్ళలోనూ వినిపిస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 9 గ్రాముల హిమోగ్లోబిన్ ఉందని దీని అసలు అర్థం. నివేదికల్లో ‘గ్రామ్ పర్సెంట్’ అని రాసే అలవాటు ఉన్నందున, తెలుగులోకి వచ్చేసరికి గ్రాము జారిపోయి శాతం మిగిలింది. విన్నవారికి నూటికి 9 పాళ్ళ రక్తమే మిగిలిందన్న భయం కలుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం గర్భవతులు కాని స్త్రీలకు 12, పురుషులకు 13 గ్రాముల కంటె తక్కువైతే రక్తహీనత. ఈ కొలత తెలియనప్పుడు 9 అనే సంఖ్య అనవసరమైన భీతినైనా కలిగిస్తుంది, ‘నూటికి ఇంతేనట’ అన్న నిరాశనైనా మిగులుస్తుంది. తగిన చికిత్స వైపు నడిపించదు.

2. ఫలకిక – ప్లేట్‌లెట్:

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథాల ద్వారా రక్తఫలకిక, అభిరంజనం, వర్ధన యానకం వంటి పదాలు విద్యార్థులకు అందాయి. ఇవి నిర్మాణదృష్ట్యా చక్కని పదాలే. అయితే డెంగీ జ్వరాల కాలంలో ఊరంతా పలికిన మాట ‘ప్లేట్‌లెట్లు’. పాఠ్యపుస్తకపు పదం పరీక్షాపత్రం దాటి రాలేదు. వాడుకలోకి వచ్చిన పదం అర్థాన్ని వెంట తీసుకురాలేదు. ఒకచోట 1.5 లక్షలని, మరొకచోట 150 అని అచ్చయితే రెండూ ఒకటేనని చెప్పేవారుండరు. రెండవది వేలలో లెక్క. అంతేకాదు, రక్తాన్ని గడ్డకట్టకుండా ఉంచే రసాయనం వల్ల కొందరి నమూనాల్లో ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కొంటాయి. యంత్రం వాటిని సరిగా లెక్కించలేక తక్కువ సంఖ్యను చూపుతుంది. గాజుపలక మీద పూత తీసి, లీష్మన్ రంగు వేసి, సూక్ష్మదర్శినిలో చూసిన మనిషి కన్నే ఆ సంఖ్యను సరిదిద్దగలదు. కాబట్టి సంఖ్య కూడా వ్యాఖ్యానాన్ని కోరే పాఠమే.

3. 1:160 – సంఖ్యను చదవడం:

ఫెర్నాండ్ విడాల్ 1896లో వెలువరించిన పరీక్ష నేటికీ చిన్న ప్రయోగశాలల్లో టైఫాయిడ్‌కు వాడుకలో ఉంది. 1:160 అంటే రోగి సీరాన్ని 160 వంతులకు పలుచన చేసినా ప్రతిరక్షకాల చర్య కనిపిస్తోందని అర్థం. అది సూక్ష్మజీవుల లెక్క కాదు. పూర్వం సోకిన జ్వరం, టీకా, ఇతర సంబంధిత సూక్ష్మజీవులు కూడా ఈ ఫలితాన్ని ఇవ్వగలవు. అందుచేత ఒక్కసారి చేసిన పరీక్షతో నిర్ధారణకు రావడం సరికాదు. రక్తాన్ని వర్ధనం చేసి సూక్ష్మజీవిని చూపడమే బలమైన ఆధారం. అయినా ‘టైఫాయిడ్ పాజిటివ్’ అన్న రెండు మాటలు ఈ సందేహాలన్నిటినీ తుడిచివేస్తాయి.

4. ‘నిరోధకత’లోని వైరుధ్యం:

అన్నిటికంటె ప్రమాదకరమైన అయోమయం తెలుగు పదంలోనే ఉంది. రోగనిరోధకత అంటే దేహానికి మేలు చేసే శక్తి. ఔషధ నిరోధకత అంటే మందును తట్టుకొనే సూక్ష్మజీవి శక్తి. వర్ధన పరీక్ష నివేదికను ‘నిరోధకత ఉంది’ అని అనువదిస్తే రోగి సంతోషించే అవకాశముంది. ఆ నిరోధకత ఎవరిదో చెప్పే కర్తృపదం వాక్యంలో లేదు. ‘ఈ మందుకు ఈ సూక్ష్మజీవి లొంగదు’ అంటే సందిగ్ధత తొలగుతుంది. పదం మార్చినందువల్ల మాత్రమే కాదు, కర్త చేరినందువల్ల.

5. ఒక ఆక్షేపణ:

నివేదిక వైద్యుడి కోసమే గాని రోగి కోసం కాదని ఆక్షేపించవచ్చు. వైద్యుడు తీరికగా వివరించే చోట ఆ మాట నిజమే. కాని అదే కాగితంతో రోగి మరో వైద్యుడి దగ్గరికి, మందుల దుకాణానికి వెళతాడు. అక్కడ దానిని చదివేది బంధువులు, దుకాణంవారు. అనవసరమైన యాంటీబయాటిక్ కొనుగోలుకు దారి ఇక్కడే పడుతుంది.

ఇక తెలుగులో శాస్త్రం చెప్పడం సాధ్యమా అన్న ప్రశ్నకు సమాధానం చుండూరు పొరుగునే ఉంది. తెనాలిలో 1909లో జన్మించిన కొడవటిగంటి కుటుంబరావు కథలతోపాటు సైన్సు వ్యాసాలనూ సరళమైన తెలుగులో రాశారు. మరొకవైపు, భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో లెడర్లే ప్రయోగశాలలు 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించాయి, 1948లో ఆరియోమైసిన్‌ను లోకానికి అందించాయి. ఒకటి రక్తహీనతకు, మరొకటి సూక్ష్మజీవులకు సంబంధించినవి. ఈ రెండు శాస్త్రాల చరిత్రలోనూ తెలుగువాడి పేరు ఉండగా, ఆ శాస్త్రాల ఫలితం తెలుగు రోగికి తెలుగులో అందకపోవడం విచారకరం.

ముగింపు:

నివేదిక మొత్తాన్ని అనువదించాలన్నది ఈ వ్యాసపు కోరిక కాదు. ప్రమాణాలు, సంకేతాలు అంతర్జాతీయంగానే ఉండవచ్చు. ప్రతి ఫలితం కింద ఒక తెలుగు వాక్యం ఉంటే చాలు: దేనిని కొలిచారు, ఎంత ఉండాలి, ఈ ఫలితం దేనిని నిరూపించదు. చివరి అంశమే ముఖ్యం. ‘పెరుగుదల కనిపించలేదు’ అన్నచోట, ముందే యాంటీబయాటిక్ వాడి ఉంటే సూక్ష్మజీవి ఉన్నా పెరగకపోవచ్చునని చెప్పడం నిజాయితీ. పరిభాషా నిర్మాణం పదకోశంతో పూర్తయినట్లు భావించిన మన విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు, ప్రయోగశాల శిక్షణ కోర్సులతో కలిసి ఈ వాక్యాలను రాయవలసి ఉంది. పదం కోశంలో ఉంటే సరిపోదు. జ్వరంతో కూర్చున్న మనిషికి అది అర్థమైనప్పుడే పరిభాష పని నెరవేరుతుంది.